హోదా గుమ్మం బయటే వదలాలి

1915 జూలై 29 రాత్రి. బెల్జియంలో ఈప్ర్ పట్టణానికి తూర్పున హూగ అనే పల్లె. పల్లె అన్నది మ్యాపులో మిగిలిన మాటే. నేల మీద ఉన్నవి ఇటుకల గుట్టలు, పది రోజుల కిందట బ్రిటిష్ వాళ్ళు మందుపాతర పేల్చగా పడ్డ పెద్ద గొయ్యి, దాని చుట్టూ కందకాలు. ఆ కందకాలను కాపు కాసిన రైఫిల్ బ్రిగేడ్ ఏడో బెటాలియన్ ఆ రాత్రి దిగిపోయింది. ఎనిమిదో బెటాలియన్ వచ్చి ఆ చోటు తీసుకుంది. దిగినవాళ్ళు మైళ్ళ దూరం కాళ్ళీడ్చుకుంటూ వెనకనున్న విడిదికి నడిచారు. ఒళ్ళు కడుక్కోవాలి, పొడి నేల మీద పడుకోవాలి. వాళ్ళ కోరికలు అంతకు మించి లేవు.

తెల్లవారుజామున 3.15కి జర్మన్లు హూగ మీద నిప్పు చిమ్మారు. గొట్టాల్లోంచి మండే నూనె ధారగా వచ్చి కందకాల మీద పడింది. బ్రిటిష్ సైన్యం మీద ఆ ఆయుధాన్ని వాడటం అదే మొదలు. ఎనిమిదో బెటాలియన్ చెల్లాచెదురైంది. విడిదికి అప్పుడే చేరుకున్న ఏడో బెటాలియన్‌కు మళ్ళీ పిలుపు వచ్చింది: వెనక్కి రండి, పోయినదాన్ని తిరిగి పట్టండి.

ఆ మధ్యాహ్నం పట్టపగటి వెలుతురులో ఎదురుదాడి. నిద్ర లేని మనుషులను ఒక కుర్ర లెఫ్టినెంటు ముందుండి నడిపించాడు. పేరు గిల్బర్ట్ టాల్బట్, వయసు 23. వించెస్టర్ బిషప్ కొడుకు. యుద్ధం రాకపోతే రాజకీయాల్లోకి వెళ్ళేవాడని అందరూ అనుకున్న మనిషి, ఆక్స్‌ఫర్డ్ యూనియన్‌కు అధ్యక్షుడిగా చేసినవాడు. ముళ్ళతీగ దగ్గరికి చేరేసరికి తూటా తగిలి పడిపోయాడు.

గిల్బర్ట్ అన్న నెవిల్ టాల్బట్ అదే రంగంలో సైనిక పాదిరి. కబురు విని, ఆ తర్వాత తూటాల మధ్య పాకుతూ వెళ్ళి తమ్ముడి శవాన్ని వెతికి పట్టుకున్నాడు. జేబులో ఉన్నవి తీసుకుని, తల మీద చెయ్యి పెట్టి ప్రార్థించి, వెనక్కి పాకాడు.

ఈ కథ గిల్బర్ట్ గురించి కాదు, అతని పేరు పెట్టుకున్న ఒక ఇంటి గురించి. అలసిన సైనికుడికి ఒక సాయంత్రం ఇవ్వాలా వద్దా, ఇస్తే ఎలా ఇవ్వాలి అని ఆనాటి సైన్యాధిపతులు చేసిన ఆలోచనల గురించి కూడా.

* * *

ఈప్ర్‌కు పడమరగా 12 కిలోమీటర్ల దూరంలో పొపెరింగె ఉంది. బీరుకు చేదు రుచినిచ్చే హాప్స్ పూలు పండే ఊరు. బెల్జియం దాదాపు అంతా జర్మన్ల చేతిలోకి పోయినా ఈ ఊరు మాత్రం మిత్రరాజ్యాల చేతిలోనే మిగిలింది. రైలు ఇక్కడిదాకా వస్తుంది. ఇక్కణ్ణుంచి ముందుకు వెళ్ళేది కాలినడక, గుర్రపుబండి, లారీ. ఈప్ర్ రంగానికి వెళ్ళే ప్రతివాడూ ఈ ఊరి మీదుగానే వెళ్ళాలి. ప్రాణాలతో వస్తే మళ్ళీ ఈ ఊరి మీదుగానే రావాలి. బ్రిటిష్ సిపాయిలు దాన్ని ముద్దుగా 'పాప్' అన్నారు.

యుద్ధం అనగానే మన కళ్ళ ముందు కందకమే కదులుతుంది. నిజానికి ఒక సిపాయి ముందువరుసలో ఉండేది కొద్ది రోజులు. తర్వాత వెనక వరుస, ఆ తర్వాత ఇంకా వెనక, అటుపైన 'విశ్రాంతి'. ఆ చివరి మాటను నమ్మి మోసపోకూడదు. విశ్రాంతి అంటే తూటాలు మోయడం, రోడ్లు వేయడం, రాత్రిళ్ళు ముళ్ళతీగ చుట్టలు భుజాన వేసుకుని మళ్ళీ ముందుకు నడవడం, పగలు కవాతు. పనిలేని సిపాయి చెడిపోతాడని పై అధికారులకు గట్టి నమ్మకం. ఖాళీ దొరికితే ఫుట్‌బాల్ పెట్టించేవాళ్ళు. బీరు తయారీ కొట్లలోని పెద్ద తొట్టెలను స్నానాల తొట్టెలుగా మార్చారు. డివిజన్లు సొంతంగా పాటల, హాస్యపు బృందాలు పెట్టుకున్నాయి. ఆరో డివిజన్ వాళ్ళ బృందం పేరు 'ఫ్యాన్సీస్'. నిన్నటిదాకా తుపాకీ పట్టిన కుర్రాళ్ళు గౌను తొడిగి ఆడవేషం కడితే, ముందు వరుసల్లో కూర్చున్న జనరళ్ళు కూడా నవ్వారు.

అయినా సాయంత్రమయ్యేసరికి ఆ కుర్రాడు ఎక్కడికి పోవాలి? ఆఫీసర్లకు స్కిండిల్స్ లాంటి హోటళ్ళున్నాయి. సిపాయికి ఉన్నది ఎస్టామినే, అంటే పొగతో నిండిన ఒక గది, నీళ్ళబీరు, పుల్లటి తెల్ల ద్రాక్షసారా, వేయించిన గుడ్లు, బంగాళాదుంప ముక్కలు. అదీ కాకపోతే దీపం పెట్టిన ఇల్లు. ఆ ఇళ్ళలో కూడా హోదాలున్నాయి: ఎర్రదీపం సిపాయిలకు, నీలిదీపం ఆఫీసర్లకు. యుద్ధం ముగిసేలోగా సుఖరోగాలతో బ్రిటిష్ సైనిక ఆసుపత్రుల్లో చేరిన కేసులు నాలుగు లక్షలు దాటాయి. మనిషి మనసు సంగతి ఎలా ఉన్నా, ఈ లెక్క మాత్రం పై అధికారులకు బాగా అర్థమైంది. వై.ఎం.సి.ఎ. గుడారాలు, చర్చి సంఘాల కాంటీన్లు, సైన్యం సొంత కాంటీన్లు వచ్చాయి. టీ దొరికేది, కాగితం, కలం దొరికేవి. చాలా మంచి పనే. కాకపోతే బల్లలు వరసగా, నియమాలు గోడ మీద. బారకాసులోంచి వచ్చిన మనిషి ఇంకో బారకాసులో కూర్చున్నట్టే ఉండేది.

1915 శరదృతువులో ఆరో డివిజన్ పెద్దలు తమ సీనియర్ పాదిరి నెవిల్ టాల్బట్‌కు ఒక పని అప్పగించారు. ఊళ్ళో ఒక ఇల్లు చూసి, సైనికులు వచ్చి కూర్చునే చోటుగా మార్చాలి. నెవిల్ తన కింద పనిచేసే ఒక పాదిరిని రప్పించాడు. పొట్టిగా, బొద్దుగా, కళ్ళద్దాలతో ఉండే ఆ మనిషి పేరు ఫిలిప్ క్లేటన్. అందరూ 'టబ్బీ' అనేవారు. పుట్టింది ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లో, పెరిగింది ఇంగ్లండులో. అరువడగడంలో సిగ్గులేదు, నవ్వించడంలో అలసట లేదు. సైన్యంలో ఇలాంటివాణ్ణి సరిగ్గా ఉండాల్సిన చోట ఉంచడం అరుదుగా జరుగుతుంది. ఆ ఒక్కసారి జరిగింది.

గాస్ట్‌హౌస్‌స్ట్రాట్ అనే వీధిలో ఒక హాప్స్ వ్యాపారి మేడ దొరికింది. తెల్లటి ముఖద్వారం, ఇనుప గేటు, వెనక పెద్ద తోట. వెనకభాగం గుండు తగిలి చిల్లుపడింది. అద్దె నెలకు 150 ఫ్రాంకులు. వాన లోపలికి రాకుండా చూడాలని, ఇంట్లో ఉన్న భారీ ఇనప్పెట్టెను తీయించాలని యజమాని షరతు పెట్టాడు. పేరు సంగతి వచ్చింది. 'చర్చి హౌస్' అందామని మొదటి ఆలోచన. ఆ పేరు చూస్తే ఒక్క సిపాయి కూడా గడప తొక్కడని డివిజన్ స్టాఫ్‌లో ఉన్న కల్నల్ రెజినాల్డ్ మే తేల్చేశాడు. టాల్బట్ హౌస్ అన్నాడు. నెవిల్ ఇంటిపేరు అది. కానీ విన్న ప్రతివాడికీ గుర్తొచ్చింది హూగ దగ్గర పడిపోయిన తమ్ముడే.

1915 డిసెంబరు 11న తలుపు తెరిచారు. ఎనిమిది రోజులకు, డిసెంబరు 19న రెండు సంగతులు జరిగాయి. డగ్లస్ హేగ్ బ్రిటిష్ సేనలకు ప్రధాన సేనాని అయ్యాడు. అదే రోజు తెల్లవారుజామున ఈప్ర్ రంగంలో జర్మన్లు ఫాస్జీన్ అనే కొత్త విషవాయువు వదిలారు. అది పడిన డివిజన్లలో ఆరోదీ ఉంది. ఆ ఇంట్లో అంతకుముందు వారం టీ తాగినవాళ్ళలో కొందరు మళ్ళీ రాలేదని చెప్పడానికి రికార్డులు తిరగెయ్యక్కర్లేదు.

మనవాళ్ళ మాట ఒకటి ఇక్కడ చెప్పాలి. అదే సంవత్సరం ఏప్రిల్‌లో భారత సైన్యపు లాహోర్ డివిజన్ ఈప్ర్ దగ్గర పోరాడింది. డిసెంబరులో ఈ ఇంటి తలుపు తెరుచుకునే వేళకు మన కాల్బలాన్ని ఫ్రాన్సు నుంచి మెసపటేమియాకు తరలిస్తున్నారు. హోదా అడగని ఆ గుమ్మం రంగునూ అడక్కుండా ఉండేదా అన్న పరీక్ష ఆ రకంగా తప్పిపోయింది.

* * *

ఇప్పుడొక సిపాయిని ఊహించుకుందాం. పేరు పెట్టను. ఇలాంటివాళ్ళు వేల మంది వచ్చారు, వాళ్ళందరి సాయంత్రాల్లోంచి అల్లిన మనిషి ఇతను. మాటలు నావి. వస్తువులు, గదులు, గోడమీది రాతలు మాత్రం అక్కడ ఉన్నవే.

1917 వేసవి. లాంకషైర్ నుంచి వచ్చిన నేతమిల్లు కుర్రాడు. ఫిరంగుల దగ్గర పని. ఒంటి మీద పేలు, కాళ్ళకు బురద అట్టలు. నాలుగు గంటల సెలవు దొరికింది. వీధిలో నడుస్తుంటే ప్రతి పది అడుగులకూ ఒక ఆఫీసరు ఎదురవుతాడు, ప్రతివాడికీ సెల్యూట్ కొట్టాలి. చెయ్యి దించే తీరిక లేదు. ఇంతలో ఒక గుమ్మం, పైన బోర్డు: టాల్బట్ హౌస్, ప్రతి ఒక్కరి క్లబ్బు.

భయపడుతూనే లోపలికి అడుగుపెట్టాడు. నడవలో పెద్ద మ్యాపు. వచ్చిన ప్రతివాడూ తాను ఎక్కడున్నాడో వేలు పెట్టి చూపించగా చూపించగా ఈప్ర్ ఉన్న చోట కాగితం అరిగిపోయింది. పక్కన ఒక రాత, బాణం గుర్తు వీధి తలుపు వైపు చూపిస్తోంది: నిరాశావాదులకు దారి ఇటు. కుర్రాడికి నవ్వొచ్చింది. చాలా రోజులకు వచ్చిన నవ్వు.

ఆ నడవలోనే 'స్నేహితుల మూల'. వచ్చినవాళ్ళు తమ పేరు, రెజిమెంటు, ఊరు రాసి పోతారు. ఎవరైనా తెలిసినవాడు చూసి వెతుక్కుంటూ వస్తాడని ఆశ. కుర్రాడు పేర్ల వెంట వేలు పోనిస్తూ చదివాడు. తమ వీధి వాడిది ఒకటి కనిపించింది. రాసింది మొన్న.

"ఈ పేరున్నవాణ్ణి చూశారా?" అని పక్కన నిలబడ్డవాణ్ణి అడిగాడు.

"తోటలో చూడు. ఇందాక గడ్డి మీద బోర్లా పడి నిద్రపోతున్నాడు ఒకడు."

తోట గుమ్మం మీద ఇంకో రాత: తోటలోకి రండి, యుద్ధాన్ని మరిచిపోండి. మరిచిపోవడం అంత తేలికేం కాదు. ఫిరంగుల మోత అక్కడికీ వినిపిస్తుంది, అప్పుడప్పుడు ఊళ్ళోనే గుండు పడుతుంది. అయినా పచ్చగడ్డి ఉంది, పూలమొక్కలున్నాయి, చెట్టు కింద కుర్చీలున్నాయి. బోర్లా పడుకున్నవాడి బూటు మీద బూటుతో మెల్లగా తట్టాడు.

"ఏరా, నువ్వింకా బతికే ఉన్నావా!"

"ఉన్నట్టే ఉంది. నీ సంగతేంటి? మీ అమ్మ ఉత్తరాల్లో నా గురించి ఏమైనా రాస్తోందా?"

"నువ్వు మా అర్ధశిలింగు ఇవ్వాలని రాసింది."

ఇద్దరూ లోపలికి వచ్చారు. లైబ్రరీలో పుస్తకం కావాలంటే చీటీ, చందా అక్కర్లేదు. తలమీది టోపీ తీసి ఇచ్చి పుస్తకం తీసుకోవాలి. సైన్యంలో టోపీ లేకుండా బయటికి వెళితే శిక్ష పడుతుంది. అంచేత పుస్తకం తిరిగి రాకపోవడమన్నది ఉండదు. లైబ్రరీ పెట్టేవాళ్ళు ఎవరైనా ఈ కిటుకు నేర్చుకోవచ్చు. పక్క గదిలో ఎవడో పియానో వాయిస్తున్నాడు, ఆరుగురు చుట్టూ చేరి తప్పుల తడకగా పాడుతున్నారు. టీ, బిస్కెట్లు దొరికాయి. సారా చుక్క లేదు. ఇల్లు నడపడంలో టబ్బీకి కుడిభుజం అతని ఆర్డర్లీ, 'బఫ్స్' రెజిమెంటు నుంచి వచ్చిన ముసలి సిపాయి ఆర్థర్ పెటిఫర్. అతణ్ణి అందరూ 'జెన్' అనేవారు, అంటే జనరల్. ఆ ఇంట్లో నిజమైన జనరల్ అతనేనని హాస్యం.

మెట్లెక్కితే టబ్బీ గది. తలుపు మీద పెద్ద అక్షరాలు. నరకద్వారం మీద డాంటే రాసిన మాటను మార్చి పెట్టారు: ఇందులో అడుగుపెట్టేవారు హోదాను వదిలేయండి. లోపల ఒక మేజరు, ఇద్దరు సిపాయిలు, ఒక సార్జెంటు. టీ కెటిల్ చేతులు మారుతోంది. కుర్రాడికి ఒళ్ళు బిగుసుకుపోయింది, చెయ్యి దానంతట అదే నుదుటికి లేవబోయింది.

"అది ఇక్కడ పనికిరాదయ్యా, కూర్చో," అన్నాడు మేజరు, కప్పు అందిస్తూ.

కూర్చున్నాడు. తుపాకుల గురించి ఎవరూ మాట్లాడలేదు. భూమి ఎవరి చేతిలో ఉండాలి, ఆడవాళ్ళకు ఓటు ఇవ్వాలా అన్న మాటలు సాగుతున్నాయి. పక్కనున్న హాప్స్ గోదామును హాలుగా మార్చాక, ఇలాంటి విషయాల మీద చర్చలు, పాటకచేరీలు, సినిమాలు అక్కడే జరిగేవి. మేజరు ఒకటన్నాడు, సార్జెంటు కాదన్నాడు. ఎవరికీ ఏమీ కాలేదు. కుర్రాడికి ఆ సాయంత్రం అన్నిటికంటే వింతగా తోచింది అదే.

అందరికంటే పైన, నిచ్చెనలాంటి నిటారు మెట్లెక్కితే హాప్స్ ఆరబెట్టే అటక. దాన్ని ప్రార్థనా మందిరం చేశారు. తోటలో దొరికిన పాత వడ్రంగి బల్ల ఒకటి పవిత్ర బల్లగా అమరింది. ముందుకు వెళ్ళబోయే రాత్రి చాలామంది ఇక్కడికి ఎక్కి మోకరిల్లేవారు. మతం అక్కర్లేనివాడు కింద పియానో దగ్గరే ఉండొచ్చు, పైకి రమ్మని ఎవరూ లాగలేదు. మంచి పాదిరికి ఆ నిగ్రహం ఉండాలి. టబ్బీకి ఉంది.

ఎనిమిది కొట్టేసరికి కుర్రాడు టోపీ తీసుకుని బయటపడ్డాడు. గుమ్మం దాటి మూడడుగులు వేశాడో లేదో ఎదురుగా ఇందాకటి మేజరు. ఈసారి సెల్యూట్ కొట్టాడు. మేజరు కూడా కొట్టాడు. ఇద్దరి ముఖాల్లోనూ ఏమీ కదలలేదు.

* * *

హోదా వదలమన్నారని ఆ ఇంట్లో లెక్కలు లేవనుకోవద్దు. ఇంగ్లండుకు వెళ్ళే సెలవు రైలు తెల్లవారుజామునే బయల్దేరేది. ఆఫీసర్లు అర్ధరాత్రి ముందువరుస నుంచి వచ్చి, ఆ కాసేపు పడుకోవడానికి ఇక్కడ మంచం తీసుకునేవారు. పోతూ పోతూ వేడి కోకో, బిస్కెట్లు. అద్దె 5 ఫ్రాంకులు. ఉన్నవాడి దగ్గర తీసుకుని లేనివాడికి పెట్టడం టబ్బీ పద్ధతి, ఆ ఫ్రాంకులతోనే సిపాయిల ఇల్లు గడిచేది. ఆఫీసర్లు ఫిర్యాదు చేయలేదు. మంచం మీద దుప్పటి ఉందంటే, కందకం నుంచి వచ్చినవాడు ఎంతైనా ఇస్తాడు.

ఈ ప్రాంతమంతా రెండో సైన్యం కింద ఉండేది. దాని అధిపతి జనరల్ హెర్బర్ట్ ప్లూమర్. తెల్ల మీసాలు, బొద్దు బుగ్గలు, చూస్తే ఊళ్ళో పెద్దమనిషిలా ఉండేవాడు. సిపాయిలు అతణ్ణి 'డాడీ' అన్నారు. అతని మంచితనం అంతా లెక్కలో ఉంది. తొందరపడడు, మెల్లగా సిద్ధమవుతాడు, ఫిరంగులు పని పూర్తిచేశాకే మనుషుల్ని కదిలిస్తాడు. 1917 జూన్ 7న మెసీన్ కొండ కింద 19 మందుపాతరలు ఒకేసారి పేల్చి దాన్ని గెలిచింది అతనే. సైనికుడికి ఇవ్వగల పెద్ద విశ్రాంతి అనవసరంగా చావకుండా చూడటమేనని నాకనిపిస్తుంది. ఆ విషయంలో ప్లూమర్ చాలామంది కంటే మెరుగు. ఆ సంవత్సరమే జూలై 31 నుంచి నవంబరు దాకా పాషెండేల్ బురదలో జరిగిన పోరు వేరే కథ, అందులో అతనికీ భాగం ఉంది.

టాల్బట్ హౌస్ నుంచి కొద్ది నిమిషాలు నడిస్తే పొపెరింగె టౌన్‌హాలు వస్తుంది. అదే ఊరు, అదే సైన్యం, అవే రాత్రులు. టౌన్‌హాలు వెనక ఖైదు గదులు. కోర్టు మార్షల్‌లో శిక్షపడ్డవాణ్ణి చివరి రాత్రి అక్కడ ఉంచేవారు. పారిపోయాడు, పిరికితనం చూపించాడు, కాపలాలో నిద్రపోయాడు... ఇవీ నేరాలు. ఈ యుద్ధంలో బ్రిటిష్ కోర్టు మార్షళ్ళు మూడు వేల పైచిలుకు మరణశిక్షలు వేశాయి. చివరి సంతకం ప్రధాన సేనానిది. పదింట తొమ్మిదిని తగ్గించాడు, మిగిలినవి అమలయ్యాయి. మొత్తం 346 మంది. తెల్లవారుజామున కొయ్యకు కట్టి, గుండె మీద తెల్లగుడ్డ పెట్టి, కాల్చేవారు. తరచుగా కాల్చేది వాడి సొంత దళం వాళ్ళే. టౌన్‌హాలు పెరట్లో ఆ కొయ్య ఉండేది. అక్కడ చివరి కాల్చివేత 1919 మేలో, యుద్ధం ఆగి ఆరు నెలలయ్యాక. హత్యానేరం మోపిన ఒక చైనా కూలీని కాల్చారు. పొపెరింగె కొత్త సైనిక శ్మశానంలో, యుద్ధంలో చనిపోయినవాళ్ళ వరసల్లోనే, ఇలా కాల్చబడ్డ 17 మంది సమాధులున్నాయి.

ఆ 17 మందిలో ఎవరైనా ఎప్పుడైనా టాల్బట్ హౌస్ తోటలో కూర్చున్నారా? అదే ఊరి మీదుగా వచ్చినవాళ్ళు, కూర్చునే ఉండొచ్చు.

* * *

ఇలాంటి ఇల్లు లేకపోతే ఏం జరిగేదో తెలియాలంటే ఫ్రాన్సు తీరంలోని ఎటాపుల్ చూడాలి. అక్కడ బ్రిటిష్ సైన్యపు పెద్ద స్థావరం. కొత్తగా వచ్చినవాళ్ళకూ, గాయాలు మాని ఆసుపత్రి నుంచి వచ్చినవాళ్ళకూ మళ్ళీ శిక్షణ ఇచ్చే ఇసక మైదానం, దాన్ని 'బుల్ రింగ్' అనేవారు. ఈప్ర్‌లో రెండేళ్ళు బతికి బట్టకట్టినవాణ్ణి కూడా చేతికి పసుపు పట్టీ కట్టిన శిక్షకులు కేకలేస్తూ పరుగెత్తించేవారు. వాళ్ళలో చాలామంది ముందువరుస చూడనివాళ్ళని సిపాయిల కోపం. నది దాటితే ల టుకే బీచి, హోటళ్ళు. అవి ఆఫీసర్లకు. సిపాయిలకు ఊళ్ళోకి కూడా తేలిగ్గా అనుమతి లేదు. వంతెన మీద మిలిటరీ పోలీసు.

1917 సెప్టెంబరు 9, ఆదివారం. వంతెన దగ్గర ఒక న్యూజిలాండ్ సైనికుణ్ణి అరెస్టు చేశారు. జనం మూగారు. ఒక పోలీసు తుపాకీ పేల్చాడు. గోర్డన్ హైలాండర్స్‌కు చెందిన ఒక కార్పొరల్ చనిపోయాడు. అంతే, వేలమంది పోలీసుల వెంటపడ్డారు. వంతెన దాటి ఊళ్ళోకి వెళ్ళారు. కొన్ని రోజులపాటు క్రమశిక్షణ అన్న మాట లేదు. దుడ్డుకర్రలు పట్టిన దళాన్ని తెప్పించి సర్దుబాటు చేశారు. ఒక ఆఫీసరు మెడకు తాడు కట్టి నదిలో పడేయమని తోటివాళ్ళను ఉసిగొల్పాడన్న నేరం మీద కార్పొరల్ జెస్సీ షార్ట్‌ను అక్టోబరు 4న కాల్చేశారు.

ఆ అల్లరి రాజద్రోహమేమీ కాదు. ఎటాపుల్ సిపాయిలు యుద్ధం వద్దని కూడా అనలేదు. వాళ్ళడిగింది ఒక సాయంత్రం, వంతెనకు ఆవలి ఒడ్డు. సిపాయికి కాస్త గౌరవం, కాస్త ఖాళీ ఇస్తే పోయేదేమీ లేదని పొపెరింగెలో ఇద్దరు ముగ్గురు పాదిరులకూ ఒక కల్నల్‌కూ తెలిసింది. ఎటాపుల్ కమాండెంటుకు తెలియడానికి తిరుగుబాటు కావలసి వచ్చింది.

* * *

1918 వసంతంలో జర్మన్లు లీస్ నది వెంట విరుచుకుపడ్డారు. పొపెరింగె మీద గుళ్ళు పడ్డాయి, ఊరు ఖాళీ అయింది. టబ్బీ ఎంత మొండికేసినా ఇల్లు కొన్నాళ్ళు మూయక తప్పలేదు. శరదృతువులో మళ్ళీ తెరిచారు. నవంబరులో యుద్ధం ఆగింది, యజమాని ఇల్లు యజమాని తీసుకున్నాడు.

సంకేతాలు పంపే సిపాయిల భాషలో టి అక్షరాన్ని 'టాక్' అనేవారు. టాల్బట్ హౌస్‌ను అప్పట్లోనే 'టాక్ హెచ్' అని పిలవడం మొదలైంది. యుద్ధం తర్వాత టబ్బీ ఆ పేరుతోనే లండన్‌లో సేవాసంస్థ పెట్టాడు. 1922లో దానికి రాజపత్రం (రాయల్ చార్టర్) వచ్చింది, ప్రపంచమంతా శాఖలు లేచాయి. మన కొచ్చి ప్రాంతంలో టాక్ హెచ్ పేరుతో బడి ఉంది, ఇంజనీరింగ్ కాలేజీ ఉంది. 1929లో లార్డ్ వేక్‌ఫీల్డ్ అనే ధనికుడు డబ్బు ఇచ్చి పొపెరింగె ఇంటిని కొనిపెట్టాడు. 1940లో జర్మన్లు వచ్చి ఆక్రమించుకోబోతుంటే ఊరివాళ్ళు లోపలి సామాన్లను తలా కొంత మోసుకెళ్ళి తమ ఇళ్ళలో దాచారు. 1944 సెప్టెంబరులో పోలండు సేనలు ఊరిని విడిపించాక తిరిగి తెచ్చిపెట్టారు. టబ్బీ 1972లో పోయాడు.

ఈ కథను రాసేవాళ్ళు చాలామంది టాల్బట్ హౌస్ దగ్గరే ఆగిపోతారు. పియానో, తోట, కోకో. బాగుంటుంది. నేను ఆగలేకపోతున్నాను. ఆ ఇల్లు సైన్యం అనుమతితో, సైన్యం అవసరం కోసమే నడిచింది. ఒక సాయంత్రం మనిషిలా బతికినవాడు మర్నాడు కందకంలో మరికొన్నాళ్ళు నిలబడతాడని పెద్దలకు తెలుసు. సెలవిచ్చిన చెయ్యే మరణశిక్ష కాగితం మీద సంతకం చేసింది. అంతమాత్రాన ఆ సాయంత్రం అబద్ధం అయిపోదు. టబ్బీ పెట్టిన టీ నిజం, ఆ టీ తాగి కొందరు తమ పేరుతో తాము పిలిపించుకోగలిగింది నిజం. సైన్యం మొత్తంలో ఆ గౌరవం దొరికింది ఒక్క గుమ్మం లోపలే. నా తీర్పు అదీ: ఇల్లు గొప్పది, ఆ ఇల్లు తప్ప ఇంకో చోటు లేకుండా చేసిన సైన్యం గొప్పది కాదు.

పిరికితనం, పారిపోవడం లాంటి నేరాల కింద కాల్చబడ్డ 306 మందికి బ్రిటిష్ ప్రభుత్వం 2006లో క్షమాభిక్ష ఇచ్చింది.

యూరప్ యాత్రకు వెళ్ళే తెలుగువాళ్ళలో చాలామంది బ్రస్సెల్స్ దాకా వెళ్ళి వెనక్కి తిరుగుతారు. ఒక రోజు అదనంగా పెట్టుకోండి. ఈప్ర్‌లోని మెనిన్ గేటు మీద మన భారత సైనికుల పేర్లు చెక్కి ఉన్నాయి, అక్కడ ప్రతి రాత్రి 8 గంటలకు బూరా ఊదుతారు. ఈప్ర్ మీదుగా వెళ్ళే రైలుకు చివరి స్టేషన్ పొపెరింగె. టాల్బట్ హౌస్ ఇప్పుడు మ్యూజియం, పైన అతిథి గదులున్నాయి, వచ్చినవాళ్ళకు టీ ఇస్తారు. టీ తాగాక టౌన్‌హాలుకు కూడా నడవండి. ఖైదు గదులు, ఆ కొయ్య చూడనిస్తారు.